రాకెట్ పిడిలో సూది

జాతీయ టెన్నిస్ జట్టుకు దొర్సాఫ్ ఎంపికైందని ఫోన్ రాగానే తండ్రి మక్రం ఆనందం పట్టలేక, మూలనున్న ఆమె రాకెట్ అందుకుని గాల్లో ఊపాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు. అరచేతి అడుగున నెత్తురు.

అరగంటకల్లా లా మర్సా ఊళ్లో డిటెక్టివ్ దలెందా గుమ్మంలో రాకెట్‌తో నిలబడ్డాడు. పెళ్లై పదిరోజులైన దలెందా, ఆమె భర్తా సహాయకుడూ అయిన లసాద్ అప్పుడు ఒకే బంబలోనీ డోనట్‌ని చెరో అంచునుంచీ కొరుకుతున్నారు. చక్కెర అంటిన వేళ్లతోనే ఆమె రాకెట్ అందుకుంది. పిడికి చుట్టిన టేపు కింద, చిట్టచివర, పైవైపున, సూది మొన.

"నా పిల్ల చెయ్యి పోయేదమ్మా! ఎవరికీ చెప్పకుండా మీ దగ్గరికే వచ్చా."

"నిన్న దీంతో ఆడిందా?"

"రెండు గంటలు! కొత్త కోచ్ మౌల్దీ ఈ వారమంతా బంతిని గిర్రున తిప్పే ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ తప్ప మరోటి ఆడనివ్వట్లేదు. తల్లిదండ్రుల్ని కోర్టు దరిదాపులకు రానివ్వడు. ఆటయ్యాక రాకెట్ ఇల్లు దాటలేదు."

"అంతకుముందు ఎవరి చేతికందింది?"

"కోచ్‌కి. తోటి పిల్ల యుస్రాకి. పిల్లలిద్దర్నీ కోర్టుకు కారులో దింపిన యుస్రా నాన్న హత్తాబ్‌కి."

"దొర్సాఫ్ ఆడలేకపోతే?"

"యుస్రా వెళ్తుంది."

"ఇంకేం, ఆ పిల్లే!" అన్నాడు లసాద్.

"ఆగవయ్యా పెళ్లికొడకా," అంది దలెందా.

సాయంత్రం క్లబ్బులో అందర్నీ కూర్చోబెట్టింది. సూది తీసి టేపు మళ్లీ చుట్టిన రాకెట్ ముందుంచింది.

"దొర్సాఫ్ దీన్ని ఎలా పట్టుకుంటుందో చూపించండి."

కోచ్ నేలమీది పెనం ఎత్తినట్టు, అరచెయ్యి పిడి కిందికి పోనిచ్చి పట్టాడు. యుస్రా కూడా అంతే. హత్తాబ్ మాత్రం కరచాలనం చేస్తున్నట్టు పాత పద్ధతిలో పట్టాడు. కానీ అరచేతి అడుగు పిడికి ఆననివ్వలేదు.

"టాప్‌స్పిన్ పట్టులో సూది ఉన్న చోట చెయ్యి ఆనదు," అంది దలెందా. "అందుకే పాప బతికిపోయింది. పాత పట్టు పట్టిన మక్రంగారికి గుచ్చుకుంది. కొత్త పట్టు తెలిసిన కోచ్, యుస్రా అయితే సూదిని కిందివైపు పెట్టేవాళ్లు. కోర్టుకు రానివ్వని తల్లిదండ్రులకే ఆ పట్టు తెలియదు. హత్తాబ్‌గారూ, సూది సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు. మరి మీ చెయ్యి అక్కడే ఎందుకు లేచింది?"

హత్తాబ్ కుర్చీలో కూలబడ్డాడు. "నా బిడ్డ ఎప్పుడూ రెండోదే..."

"నేనడిగానా నాన్నా?" అంది యుస్రా.

మక్రం అతణ్ని పోలీసులకు అప్పగించడానికి తీసుకుపోయాడు. దొర్సాఫ్ రాకెట్ అందుకుంది. పాత పద్ధతిలో, మెల్లగా, అరచెయ్యంతా ఆనించి పట్టుకుంది.

"రేపు పొద్దున్న ఏడింటికి సర్వీస్ మొదలుపెడుతున్నా," అంది. "దానికి ఈ పట్టే కావాలి. యుస్రా, అవతలివైపు నువ్వే రావాలి."