దొర ముద్ద ముట్టలేదు

కుక్కపిల్ల ఎదురొస్తే సందు మార్చి పోయే మనిషి వీరేష్. కంబదూరు బస్టాండు కాడ వానిది కాలిపోయిన బోరు మోటర్లు బాగుచేసే అంగడి. అట్లాంటోడు ఆ పొద్దు అంజలితో ఏమన్నాడో తెలుసునా? "కుక్కలంటే నాకు ప్రాణం" అన్నాడు!

అంజలి ఎదురంగడిలో జాకెట్లు కుడతాది. మిషను మీద నుంచి తలెత్తి ఒక్క చూపు చూసిందంటే చాలు, వీరేష్ చుట్టే వైరు లెక్క తప్పుతాది. ఆ పిల్ల తనంతట తాను రోడ్డు దాటొచ్చి మా కుక్కను పెట్టుకుంటావా అని అడిగితే, కుక్క ఏం ఖర్మ, చిరుతపులినైనా ఇంట్లో పెట్టుకుంటాననేటోడే.

సంగతేమంటే, అంజలి నాయన బాలప్ప మోకాళ్లు సహకరించక గొర్రెలన్నీ అమ్మేసి ఊళ్లో బాడుగింటికొచ్చినాడు. ఇంటాయన కుక్కను రానియ్యనన్నాడు. దాని పేరు దొర. పదకొండేండ్లు మందకు కావలి కాసిన ఆ కుక్కకు, ముసలితనంలో ఒక చూరు కావల్సొచ్చింది.

సాయంత్రం అంజలే దాన్ని తోలుకోనొచ్చింది. బాలప్ప రాలేదు. కుక్కను పంపేది చూడలేక గోడవైపు తిరిగి పండుకున్నాడంట.

వీరేష్ అమ్మ రామక్క దొరను పైకీ కిందికీ చూసింది. "ఏమ్మే, ఇది నాకంటే ముసలిదాని మాదిరి ఉండాదే!"

"వయసైంది గానీ మనసు మంచిది అత్తా" అనింది అంజలి.

అత్తా! వీరేష్ చెవుల్లో మేళాలు మోగినాయి.

"ఇట్ల చూడప్పా" అని అంజలి వానికి అప్పగింతలు మొదలుపెట్టింది. "దీనికి తుంటి నొప్పి. బండల మీద జారతాది, గోనెసంచి పరచల్ల. పండ్లు అరిగిపోయినాయి, సంగటి మెత్తగా పిసికి పెట్టు. ఉల్లిగడ్డ, బొమికలు ఒద్దు. నొప్పి మాత్ర కడుపు నిండినాంకనే వెయ్యి. ఉత్త కడుపున వేస్తే పుండు పడతాదన్నాడు డాక్టరు."

"అంతేనా? ఓస్!" అన్నాడు వీరేష్, బల్లి మాదిరి గోడకు అంటుకుని.

దొర కుంటుకుంటూ ముగ్గురి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. గిన్నె ఖాళీ చేసి కునుకు తీసింది. అంజలి నెమ్మదిగా లేచి పోయింది.

మరుసటి దినం మొదలైంది పీడ. దొర వాకిట్లో కూర్చుని వీధివైపే చూస్తాది, ముద్ద ముట్టదు. ముద్ద లేందే మాత్ర లేదు. మాత్ర లేకపోతే పాపం, లేచేకి కుయ్యిమంటాది.

"దిష్టి తగిలింది" అని రామక్క ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు దొర తుమ్మింది, వీరేష్ తుమ్మినాడు, పక్కింటి ఓబుళేసు తుమ్ముకుంటా వచ్చి తిట్టిపోయినాడు. ముద్ద అట్లే ఉండాది.

వీరేష్ ఫోన్ చేస్తే అంజలి ఉరికొచ్చింది. ఆ పిల్ల గడప దాటిందో లేదో, దొర లేచి ఒక చుట్టు తిరిగి గిన్నెలో మూతి పెట్టింది!

"నీ చేతి ముద్దే కావల్లంట దానికి" అన్నాడు వీరేష్, సంతోషం దాచుకోలేక.

ఇంక రోజూ ఇదే కత. పొద్దు గూకితే అంజలి వస్తాది, దొర తింటాది, మాత్ర పడతాది. వీరేష్ కుక్క కూటికి ముందు తల దువ్వుకుంటాడు, సెంటు కొట్టుకుంటాడు. "కుక్కకు పెట్టేకి పోతాండావా, పెండ్లికి పోతాండావా?" అని రామక్క మూతి తిప్పింది.

ఒకనాడు మబ్బు పట్టిందని అంజలి పెందలాడే వచ్చింది. లోపల వీరేష్ మంచం మీద నిలబడి, పొడుగు కట్టెతో గిన్నె నెడతాండాడు. "తిను స్వామీ, సంగటి తిను. నన్ను తినాకు!"

"కుక్కలంటే ప్రాణమంటివే!"

వీరేష్ కట్టె జారవిడిచినాడు. "అవును... కుక్కను చూస్తానే పోతాది, ఆ ప్రాణం."

"నవ్వులాటగా ఉండాదా నీకు?" అంజలి కండ్లలో నీళ్లు తిరిగినాయి. "భయపడేవాని చేత అది ఎట్ల తింటాది? ఒక్క పూట నేను రాకపోతే దాని గతేంది? రేపు తీసకపోతా. ఇంటాయన కాళ్లన్నా పట్టుకుంటా."

విసవిసా వీధిలోకి పోయింది. అంజలి పోతాందని వీరేష్ గుండె జారింది, అది సరే. దొర గూడా పోతాదంటే మనసొప్పలేదు. ఇది వానికే వింతగా ఉండాది.

అంతలో దొర లేచింది. కుంటుకుంటూ ఉరికి అంజలికి అడ్డం నిలబడి, తలతో మోకాళ్లను ఇంటివైపు నెట్టింది. తుంటి పట్టేసి నడివీధిలో కూలబడింది. అయినా నోట కరుచుకున్న అంజలి చున్నీ కొస వదల్లేదు.

వీరేష్‌కు భయం గుర్తుకే రాలేదు. ఒక్క ఉరుకున పోయి దొరను రెండు చేతులా ఎత్తుకున్నాడు. దొర వాని గడ్డం నుంచి నొసలు దాకా ఒక్క నాకు నాకింది.

"అమ్మో! నాకుతాండాది! నాకుతాండాది!" అని కండ్లు మూసుకుని అరిసినాడే గానీ, కింద పెట్టలేదు. అంజలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. వస్తానని రాని చుట్టం మాదిరి ఏమార్చే మన సీమ వాన గూడా, ఆ పొద్దు నాలుగు చినుకులు రాల్చింది.

అంజలి వెంట రాంగా లోపల రామక్క కాడ దించితే, దొర మెల్లగా ముగ్గురినీ చుట్టి, గిన్నె కాడికి పోయింది.

అంజలి నొసలు కొట్టుకుంది. "నా బుద్ధి మండ! మందంతా దొడ్లోకి చేరేదాకా ఇది ముద్ద ముట్టేది కాదు. ఒక్క గొర్రె తక్కువైనా దోవ చూస్తా కూర్చునేది. మొదటి దినం ఈడ మనం ముగ్గురముంటిమి. మనమే దాని మంద!"

"అంటే నేను గొర్రెనా?" అనింది రామక్క.

వీరేష్ మొగమంతా జొల్లు, చొక్కా అంతా బొచ్చు. "అంజలీ, అబద్ధం చెప్పినా, తప్పే. నువ్వడిగితే కాదనలేకపోయినా. రోజూ నీ దోవ చూసేది దొర ఒక్కటే కాదు, నేను గూడా. ఈడనే ఉండిపోరాదా?"

"కుక్కకు మాత్ర వేసేకి పెండ్లి చేసుకునేది యాడన్నా ఉండాదా?"

"మాత్ర దొరకు. పెండ్లి నాకు."

"ముందు మొగం కడుక్కో. తర్వాత నాయనను అడుగు" అనింది అంజలి, ఎర్రబడిన మొగం తిప్పుకుని.

కొన్ని వారాలకు బాలప్ప పెండ్లి మాటకు అంజలితో వచ్చినాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా దొర కాడ నేల మీద కూర్చుని, నోరు తెరిచి చిగుర్లు చూసినాడు. పక్కటెముకలు తడిమినాడు. గోనెసంచి ఎత్తి తడి ఉండాదేమోనని చూసినాడు. దొర ఆయన పాదం మీద తల పెట్టి కండ్లు మూసుకుంది.

రామక్క ఆగలేకపోయింది. "అన్నా, మావాని అంగడి, రాబడి ఏమీ అడగవా?"

"దీన్ని అడిగినా కదమ్మా" అని బాలప్ప టవలుతో కండ్లు తుడుచుకున్నాడు. "ఏమప్పా, దీని గోళ్లు ఎవరు తీసినారు?"

"నేనే మామా."

"కుక్కలంటే భయమంట కదా నీకు?"

"శానా భయం మామా. చేతులు వణుకుతానే తీసినా."

బాలప్ప దొర పాదం ఎత్తి గోళ్లు ఒక్కొక్కటే చూసినాడు. "అంత భయంలో గూడా నెత్తురు రాకుండా తీసినావు. పిల్లనిస్తా పో."

రామక్క వంటింట్లోకి ఉరికి బెల్లం తెచ్చింది. అందరి నోళ్లూ తీపి చేసి, ఒక గడ్డ దొర నోటి కాడికి గూడా పెట్టబోయింది. "దానికొద్దు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిసినారు.