మూడో హోల్డ్ అడుగున

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. విదేశీ ముఠా ఒకటి ఖరీదైన ఖనిజాన్ని ఇసుక పేరుతో ఓడలకెక్కిస్తోంది. ఇసుకకు పన్ను లేదు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మరో ఓడ బయల్దేరుతుంది.

ఇన్‌స్పెక్టర్లు సాంపిల్ తీయలేదా అని అడిగాడు పన్నుల శాఖ సీక్రెట్ ఏజెంట్. శాఖలో అతన్ని డేగ అంటారు.

"తీశారు. మన గరిట మూరెడే. పైనున్న ఇసుకే వచ్చింది," అన్నాడు చీఫ్.

డేగకు ఇది ఉద్యోగం ఒక్కటే కాదు. వాళ్ళక్కకు డయాలసిస్ చేసే ప్రభుత్వాసుపత్రిలో మూడు మెషీన్లలో ఒక్కటే పనిచేస్తోంది. ఖనిజం పన్ను వస్తేనే మిగతావి బాగుచేయిస్తామని పెద్ద డాక్టరు తేల్చేశాడు.

"నా వంతు వచ్చేదాకా ఉంటానంటావా తమ్ముడూ?" అని మొన్న నవ్వుతూ అడిగింది అక్క. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాడు.

పెయింటర్ వేషంలో ఓడెక్కాడు. రంగు డబ్బాలో ఒకదాంట్లో ఒకటి ఇమిడే ముక్కల స్టీలు గొట్టం. లాగితే మూడు బారలు. డెక్ మీద నల్ల కళ్ళద్దాల సుందరి ఎదురైంది. ఆ ముఠా కంపెనీ మేనేజరు, శాఖకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్.

"రంగు ఆరిందా?"

"ఇంకో కోటింగుంది."

కోడ్ కలిసింది. మూడో హోల్డ్ అని గొణిగి, హీల్స్ టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

రెండూ యాభై తొమ్మిది. లంగరు లేస్తోంది. సరుకు నింపిన ఆ హోల్డు గదిలోకి గొట్టం కసిగా దించాడు. ఇసుక, ఇసుక, ఆ కింద నల్లగా ఖనిజం. విజిల్ ఊదాడు. ఇంజన్లు ఆగాయి. అక్క గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు పిచ్చి మారాజు.

సాయంత్రం చీఫ్ చట్టం తిరగేశాడు. నలభై ఏళ్ళుగా ఎవరూ పట్టుబడలేదు గనక ఆ పేజీ ఎవరూ చూడలేదు. సరుకు పేరు తప్పు రాస్తే జరిమానా ఐదు వందలు. అది కట్టాక పన్ను అడగరాదు.

శాఖ ఆఫీసుకొచ్చిన సుందరి ఒక నోటు తీసి బల్ల మీద పెట్టింది. నువ్వు మావైపు కాదా అన్నాడు డేగ.

"మీవైపే. హోల్డు నంబరు చెప్పలేదూ? పట్టుబడకపోతే ఎప్పటికైనా పూర్తి పన్ను అడుగుతారు. పట్టుబడితే ఐదొందలతో సరి. రసీదు ఇవ్వండి, ఖర్చుల్లో చూపించుకోవాలి."

రసీదు మీద సంతకం పెడుతుంటే డేగకు అక్క నవ్వు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పక్క గదిలో చీఫ్ పైవాళ్ళకు రిపోర్టు చెప్పి రాయిస్తున్నాడు, జరిమానా కట్టేశారు గనక ఓడలో ఇప్పుడు దొంగసరుకు రవ్వంతైనా లేదని.