నాలుగో దళం

ఏజెంట్ తమ్ముడు పోయింది సరిహద్దు నదికి కట్టిన రైలు వంతెన మీదే. సరిహద్దు దళంలో జవాను. వంతెన నడుమ అతణ్ణి ఎవరో కాల్చేసి పారిపోయారు. శవాన్ని వెంటనే ఎవరూ ఎత్తలేదు. గట్టు కాసే సరిహద్దు దళం హోం శాఖది. స్టేషను కాసే దళం రైల్వే శాఖది. నీళ్లు కాసే నదీ దళం రక్షణ శాఖది. వంతెన నడిమి భాగం ఎవరిదో చట్టంలో లేదు. ముగ్గురు అధికారులు శవం పక్కన నిలబడి నిర్వచనాలు చదువుకున్నారు.

ఏజెంట్ సెలవు అడగలేదు. గూఢచారి శాఖ చీఫ్ ఇవ్వనూ లేదు.

"సాయంత్రం ప్యాసింజర్ దాటేటప్పుడు వంతెన పేల్చేస్తారు. విదేశీ ముఠా. వాళ్ల రెక్కీ చూశాడనే మీ తమ్ముణ్ణి చంపారు."

"నడిమి భాగం ఇప్పుడెవరు కాస్తున్నారు సార్?"

"కమిటీ పరిశీలిస్తోంది."

"కమిటీ వచ్చేదాకా బాంబు ఆగుతుందా?"

"వెటకారం తర్వాత. వెల్వెట్‌ని కలువు. కోడ్‌వర్డ్ గొడుగు."

వెల్వెట్ మూడు దళాలకూ యూనిఫాంలు కుట్టించే కాంట్రాక్టరు. అందగత్తె. ముఠాకూ చీఫ్‌కూ కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"గొడుగు తెచ్చావా?" అంది, అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటూ.

"మర్చిపోయాను. ముఠాకి ఏ దళం బట్టలు కుట్టారు?"

"ఏ దళానివీ కావు. రంగు నాది, బ్యాడ్జీ నాది. పొద్దున్నుంచీ వంతెన మీదే ఉన్నారు. మీవాళ్లు సెల్యూట్ కూడా కొట్టారట."

"ఎవరూ ఏమీ అడగలేదా?"

"ఏమని అడుగుతారు బాబూ? ఎవరికి వాళ్లు పక్క శాఖ కొత్త దళం అనుకున్నారు."

"నా కొలతకి ఒకటుందా?"

"ఉంది. ఇంకో నక్షత్రం తగిలిస్తా, ఆగు."

ఏజెంట్ ఆ యూనిఫాంలో గట్టు చేరేసరికి రైలు కూత వినబడింది. నకిలీ కెప్టెన్ వంతెన నడుమనుంచి ఇటుగా వైరు పరుచుకుంటూ వస్తున్నాడు. సరిహద్దు దళం సుబేదారు టీ తాగుతూ చూస్తున్నాడు.

"వాళ్లని పట్టుకో," అన్నాడు ఏజెంట్.

"మీ దళంవాళ్లని మేమెలా పట్టుకుంటాం సార్?"

ఏజెంట్ భుజం మీది నక్షత్రాలు సర్దుకున్నాడు.

"ఇందాకే ఆర్డరొచ్చింది. మా దళాన్ని మీలో కలిపేశారు. ఇక వాళ్లు నీ మనుషులు. ఆయుధాలు తీసుకో."

సుబేదారు ఆశ్చర్యపోలేదు. అతని సర్వీసులో దళం పేరు చాలాసార్లు మారింది. గ్లాసు కింద పెట్టి జవాన్లతో వంతెన ఎక్కాడు.

"ఏర్రా, తుపాకులు దించండి. ఇవాళ్టినుంచి మీరు మా కింద."

నకిలీ కెప్టెన్ ఇరుక్కుపోయాడు. తమది అసలు దళమే కాదని ఏ నోటితో చెబుతాడు? అతని చెయ్యి వైరు చివరి స్విచ్చు మీదికి పోయింది. జవాన్ల వెనకే వచ్చిన ఏజెంట్ పెన్నులో దాచిన కట్టర్‌తో వైరు తెంపాడు. రైలు పక్కనుంచి దూసుకుపోయింది. కిటికీలోంచి ఎవరో విసిరిన అరటితొక్క కెప్టెన్ భుజం మీది నక్షత్రాలపై పడింది.

వారం తిరక్కుండా నాలుగో దళానికి ఒక డైరెక్టర్ జనరల్‌ని నియమించారు. అది ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చడానికి మరో కమిటీ వేశారు. వంతెన నడిమి భాగానికి ఇంకా కాపలా లేదు.