పెరగని రీడింగు

"ఇవాళ కూడా సున్నాయేనా?"

"సున్నాయేనండీ," అన్నాడు కళ్ళజోడు కుర్రాడు, అదేదో శుభవార్త అయినట్టు.

ఆమెకు ఒళ్ళు మండింది. రక్తం గడ్డకట్టకుండా ఇస్తారే, హెపారిన్, అదొక పొడుగాటి చక్కెర గొలుసు. ఎంజైము వేస్తే జతలు జతలుగా తెగుతుంది. తెగినకొద్దీ మిషన్‌లో రీడింగు పెరుగుతుంది. ఒక్క పూట పని! పక్క ల్యాబు నుంచి వచ్చే ఈ మహానుభావుడికి మూడు వారాలైనా ఒక్క జత తెగలేదు. మిషన్ ఉన్నది ఆమె గదిలో కాబట్టి, రోజూ వచ్చి పక్క కుర్చీలో తిష్ఠ వేయడం, ఆమె పెన్నులు కొట్టేయడం, కబుర్లతో చెవులు తినేయడం మాత్రం దివ్యంగా సాగుతున్నాయి.

"సాయంత్రంలోగా రిజల్టు రాకపోతే మీ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట. మీ ల్యాబు మేడమ్ ఇందాకే చెప్పారు."

అతని ముఖం వాడిపోయింది. టీకి వెళ్ళిపోయాడు.

పోతే పోనీ అనుకుంది. రేపటి నుంచి ఆ కుర్చీ ఖాళీ అని గుర్తొచ్చేసరికి మాత్రం ఆమె చటుక్కున లేచింది. ఫ్రిజ్‌లోంచి తన ఎంజైము తీసి అతని ట్యూబులో రెండు చుక్కలు వేసింది.

అతను తిరిగొచ్చేసరికి రీడింగు పరుగులు తీస్తోంది.

"చూశారా! నా ఎంజైము వేశాను," అంది గర్వంగా.

గంతులేస్తాడనుకుంటే కుర్చీలో కూలబడ్డాడు. "ఎంత పని చేశారండీ! మూడు వారాల నా కష్టం మట్టిలో కలిసింది!"

"ఏం కష్టం?"

"రోజూ నా ఎంజైమును మరిగించి మరీ వేస్తున్నాను."

"అయ్యో రామా! మరిగిస్తే అది చచ్చూరుకుంటుంది కదా?"

"చావాలనే. బతికుంటే ఒక్క పూటలో పని అయిపోతుంది. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఈ గదిలోకి రాను? మీరు కనిపించకపోతే నాకు రోజు గడవదండీ." తల దించుకున్నాడు. "ఇప్పుడు రిజల్టు వచ్చినా పోవాలి, రాకపోయినా పోవాలి."

ఆమె బుగ్గలు వేడెక్కాయి. నోట్‌బుక్‌తో అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

"దొంగ! నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"మీరు పొమ్మంటే?"

ఆమె రిజల్టు కాగితం ప్రింటు తీసి, చెయ్యి చాచింది. "పెన్ను."

అతను జేబులోంచి ఆమె పెన్నే తీసిచ్చాడు. కాగితం మీద 'చేసినవారు' అన్నచోట అతని పేరు ఉంది. పక్కనే తన పేరు రాసింది.

"వెళ్ళి మేడమ్‌కి అంతా నిజం చెప్పి, తిట్లు తిని రా. వచ్చేటప్పుడు ట్యూబు తేకు. మిగతా పెన్నులు పట్టుకురా."

అతను గుమ్మం దగ్గర ఆగాడు. "ఇప్పుడు నన్ను 'రా' అన్నారు కదూ?"

"అన్నాను. త్వరగా రా."