గన్నేరు కంచె

ఆస్పత్రి నుంచి వచ్చాక హేమశ్రీ తలమీద చెయ్యి వెయ్యనివ్వడం ఇదే మొదటిసారి. కుడిచేతికి మోచేతిదాకా పిండికట్టు ఉంది, తన జడ తాను వేసుకోలేకపోతోంది. కుసుమకుమారి కూతుర్ని పెరటి గుమ్మంలో కూర్చోబెట్టుకుని దువ్వెన పట్టుకుంది. ఉద్యోగం చేసుకునే పిల్ల అమ్మ చేత జడ వేయించుకోవడం ముచ్చటగానే ఉండేది, కారణం ఇంకేదైనా అయ్యుంటే.

చెవి వెనక చిక్కులో దువ్వెన ఆగింది. వేళ్ళతో విడదీస్తే ఎండిపోయిన ఆకు ఒకటి చేతికొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. గన్నేరాకు.

"ఏటమ్మా?" అంది హేమశ్రీ.

"ఏటీ నేదు. చిక్కు," అంటూ ఆకుని గుప్పిట్లో దాచేసింది కుసుమకుమారి.

అప్పుడే అత్తగారు కనకరత్నం పూలసజ్జతో లోపలికి వచ్చింది. సజ్జ నిండా ఎర్రగన్నేరు పూలు. "అమ్మోరి పూలు అమ్మడూ, కళ్ళకద్దుకో. పేనం కాసిన తల్లి," అని ఒక పువ్వు మనవరాలి ముఖం దగ్గర పెట్టింది. హేమశ్రీ సగం జడతోనే లేచి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఆ గన్నేరు నాటింది కుసుమకుమారే. కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి వాళ్ళ వీధికి వచ్చే అడ్డదారిలో, సరిగ్గా వాళ్ళింటి పక్కనే, ఒక ఖాళీ స్థలం ఉండేది. పగిలిన సీసాలు, పందులు, పొద్దువాలితే తాగుబోతుల పేకాట. ఆడపిల్లలు ఆ దారి మానేసి మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చేవారు. మన పిల్లల దారి మనమే బాగుచేసుకుందామని కుసుమకుమారి కొంగు బిగించింది. ఆదివారం ఆదివారం వీధిలో ఆడవాళ్ళని పోగేసి చెత్త ఎత్తించింది, తుప్పలు కొట్టించింది, కనబడిన అధికారినల్లా బతిమాలి ఒక వీధిదీపం వేయించింది. మధ్యలో వేప, అంచుల వెంట గన్నేరు నాటారు. గన్నేరైతే మేకలు ముట్టవు.

మేకలు ముట్టలేదు గానీ మనుషులు ముట్టారు. పేకాట పోయిందన్న కడుపుమంటతో మొక్కలు పీకి పారేశారు. మళ్ళీ నాటితే మళ్ళీ పీకారు. అప్పుడు ఆవిడకో ఉపాయం తోచింది. ఒక తెల్లవారుజామున వేపమొక్కకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎర్రగుడ్డ కట్టి, మరిడమ్మ తల్లి కలలోకొచ్చి ఇక్కడ ఉంటానందని వీధంతా చెప్పింది. ఇక ఆ మొక్కల జోలికి పోయినవాడు లేడు. ఊళ్ళో వదిలేసి వచ్చిన తల్లి మన వెనకాలే వచ్చిందని అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ భక్తే కొంప ముంచింది. పసుపు రాసిన చెట్టుకి కత్తి తగలకూడదు కాబట్టి కొమ్మ కొట్టినవాళ్ళూ లేరు. వేప పెరిగి దీపాన్ని కప్పేసింది. గన్నేరు మనిషెత్తు దాటిపోయింది. ఏ కిటికీలోంచి చూసినా దారి కనబడదు. కంచె చేను మేసిందంటారే, అలాగైంది.

పోయిన వారం గాజువాకలో ల్యాబు నుంచి ఇంటికొస్తున్న హేమశ్రీని ఆ గన్నేరు చాటునుంచి ఎవడో నోరు నొక్కి లోపలికి లాగాడు. స్కూటరు చప్పుడు వినబడేసరికి తోసేసి పారిపోయాడు. పిల్ల చెయ్యి విరిగింది. వాడెవడో ఇప్పటికీ తెలియలేదు.

స్టీలు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి కుసుమకుమారి భర్త దేవీప్రసాద్ ఇంటికొచ్చాడు. మూసిన తలుపు చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఉజ్జోగం మానెయ్యమని సెప్పు దానికి. ల్యాబూ నేదు, గీబూ నేదు."

"దాని కాళ్ళు ఇరిసి కూకోబెడితే సరిపోద్దా? తప్పు దానిదా?" అంది కుసుమకుమారి.

లోపలినుంచి హేమశ్రీ గొంతు వినబడింది. "మానేత్తాను నాన్నా. ఇంక గేటే దాటను. మీకు భయం ఉండదు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని కుసుమకుమారికి అనిపించింది. దేవీప్రసాద్ బూట్లు విప్పుకుంటూ కూర్చుండిపోయాడు.

చెట్లు కొట్టే తవిటయ్యని ఆవిడ ముందురోజే పిలిపించింది. అతను గొడ్డలి తెచ్చాడు గానీ, పసుపు చూడగానే చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. "నాకూ పిల్లలున్నారమ్మా," అన్నాడు. కాలనీ సంఘం పెద్ద గురునాథరావు ఇంకా నయం, శాంతి చేయించమని సలహా ఇచ్చాడు.

ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. కొబ్బరికాయలు ఒలిచే కత్తి తీసుకుని కుసుమకుమారి గేటు దాటింది. ఆవిడ వేప దగ్గరికి చేరేసరికి అత్తగారు ఆయాసపడుతూ వచ్చి చెట్టుని కావలించుకుంది.

"ముందు నన్ను నరుకు. పిల్ల పేనం మిగిలిందంటే ఈ తల్లి సలవే!"

"అక్కడ తల్లి నేదత్తా."

"ఏటి కూత్తన్నావే?"

"నా కల్లోకి ఎవలూ రానేదు. మొక్కలు పీకేత్తన్నారని నానే అబద్ధం ఆడినాను. పసుపూ నాదే, కలా నాదే."

కనకరత్నం చేతులు చెట్టుమీంచి జారిపోయాయి. వెనకాలే వచ్చిన దేవీప్రసాద్ చెయ్యెత్తాడు. "మాయమ్మ సేత ఇన్నాళ్ళూ ఉత్తిత్తి ఉపాసాలు సేయించినావా?" అన్నాడు గానీ, ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. గేటు ఊచలు పట్టుకుని హేమశ్రీ నిలబడి ఉంది.

"అబద్ధమా అమ్మా?"

కుసుమకుమారి అవునన్నట్టు తలూపింది.

"నాను మెయిన్ రోడ్డు మీంచే వచ్చేదాన్ని. అమ్మోరుంది, ఈ దారినే రా అన్నావు. రోజూ ఇక్కడాగి దణ్ణం ఎట్టుకునేదాన్ని. ఆ రోజూ దానికే ఆగినాను. రెండు సేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాను. అప్పుడే..."

కత్తి కిందపడింది. కుసుమకుమారి మట్టిలో కూలబడింది. పిల్లకి తోడుంటుందని నాటిన చెట్టు దగ్గరే పిల్ల కళ్ళు మూయించింది తను. ఇంక ఎవరిని నిందిస్తుంది?

ముందుగా కదిలింది కనకరత్నమే. ఎర్రగుడ్డ ముడి విప్పి, మడిచి, రొంటిన దోపుకుంది. చెట్టుకున్న పసుపుని కొంగుతో తుడిచింది.

"దణ్ణం ఎట్టుకోకుండా రావద్దని పిల్లకి నూరిపోసింది నానే. పాపం నీ ఒక్కదానిదే కాదు. నువ్వు పిలవనేదు గానీ నాను రోజూ పిలిసినాను తల్లిని. ఇక్కడుంటే పిల్ల సెయ్యి ఇరగనిచ్చునా?" కత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. "లే. కొట్టు."

దేవీప్రసాద్ నిద్రమానుకుని వేప ఎక్కాడు. దీపానికి అడ్డంగా ఉన్న కొమ్మలన్నీ దించాడు. అత్తాకోడళ్ళు గన్నేరుని మొదలంటా కొట్టారు. వీధిలో వాళ్ళు గోడల మీంచి చూశారు గానీ ఒక్కరూ సాయానికి రాలేదు. ఒకప్పుడు ఆదివారాలు కలిసి చెత్త ఎత్తినవాళ్ళే.

సాయంత్రం దీపం వెలిగింది. వంటింటి కిటికీలోంచి జంక్షన్ దాకా దారంతా కనబడింది. హేమశ్రీ వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"కనబడతందా?" అంది కుసుమకుమారి.

"కనబడతంది. ఆ రోజు కనబడుంటే బాగుణ్ను."

"రేపు... జంక్షన్ దాకా నాను తోడొత్తాను."

హేమశ్రీ తల అడ్డంగా ఊపింది. "ఎల్లలేనమ్మా."

కుసుమకుమారికి దుఃఖం ఆగలేదు. "తిట్టవే నన్ను. ఏదోటి అనవే," అని కూతురి భుజంమీద తల వాల్చి ఏడ్చింది. హేమశ్రీ బాగున్న చేత్తో అమ్మ తల నిమరబోయి, జుట్టులో చిక్కుకున్న గన్నేరాకుని మెల్లగా తీసి కిటికీలోంచి బయట పడేసింది.