ఖాళీ వదిలిన గది

నాచారంలో నేను అద్దెకున్న ఇంటికి పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు అంచు విరిగి ఉండేది. పైన రెండు గదులు. ఒకటి నాది. ఎదురుగా ఉన్నదానికి ఎప్పుడూ తాళం. ఓనరు మౌలాలిలో ఉండేవాడు. లోపల సామాను ఉంది, ముట్టుకోవద్దని ముందే చెప్పాడు. కింది వాటాలో సత్తమ్మ అనే పెద్దామె ఒక్కతే ఉండేది.

అది 1993. నాకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, నా భార్య రాహేలుకు ఆదిలాబాద్‌లో నర్సు ఉద్యోగం. పిల్లలు విక్టోరియా, జోసఫ్ ఖమ్మం దగ్గర హాస్టల్‌లో చదువుకునేవాళ్ళు. నీళ్ళు కాచి ఇస్తున్నారా, దోమతెర ఉందా, రాత్రి భయపడుతున్నారా అని నేను రెండు పేజీలు రాస్తే, ‘బాగున్నాం డాడీ’ అని ఒక్క ముక్క జవాబు వచ్చేది.

వాళ్ళ చేత రాయించడానికే ఆట మొదలుపెట్టాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన అట్ట లేని ఇంగ్లీషు పుస్తకంలో ఉంది అది. ఒకడు ఒక లోకాన్ని కల్పించి చెబుతాడు. మిగతావాళ్ళు అందులో తిరుగుతూ ఏం చేస్తారో చెబుతారు. అనుమానం వస్తే పాచిక వేస్తారు. మేం ఉత్తరాల్లో ఆడేవాళ్ళం. ప్రతి ఉత్తరం చివర నేను ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడిగేవాణ్ణి. వాళ్ళు చెరొక లైను రాసేవాళ్ళు.

ఆట నడిపేవాడికి ఆ పుస్తకం కొన్ని సలహాలు ఇచ్చింది. తెలిసిన చోటునే లోకంగా మార్చుకో. పాచిక చెప్పినదాన్ని మార్చకు. అంతా నువ్వే కట్టకు, ఒక గది ఖాళీ వదులు, అందులో ఏముందో ఆడేవాళ్ళే నింపుతారు.

నేను అన్నీ పాటించాను. నేనుండే ఇంటినే కోటగా గీసి పంపాను. పిల్లలు ఈ ఇంటిని ఎన్నడూ చూడలేదు. తాళం గదిని మాత్రం తెల్లగా వదిలేశాను.

ఆగస్టులో జోసఫ్ రాశాడు: ‘తాళం గది తలుపు కొడతా. లోపల ఎవరన్నా ఉన్నరా?’

ఆరు పడితే ఉన్నట్టు అనుకొని లూడో పాచిక వేశాను. ఆరు పడింది. మళ్ళీ వేద్దామా అనిపించింది. పిల్లలతో ఆడే ఆటలో మోసమా అని సిగ్గుపడి, ‘ఉన్నారు’ అని రాసి పోస్టు చేశాను.

తర్వాతి ఉత్తరంలో మూడు లైన్లు ఉన్నాయి. మూడోది పెన్సిల్‌తో, వణుకుతున్న అక్షరాలతో ఉంది: ‘తలుపు కొట్టిన్రు, మంచిగైంది. నేను గూడ ఆడత.’

హాస్టల్‌లో స్నేహితుడెవరో అనుకున్నాను. ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్లాడేమో, కాదంటే చిన్నబుచ్చుకుంటాడు. ‘రా బాబూ, నీకూ చోటుంది. ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని రాశాను.

ఆ మాట నేను రాయకుండా ఉండాల్సింది.

సెప్టెంబరులో జవాబు వచ్చింది. ఇద్దరి లైన్ల కింద పెన్సిల్ రాత: ‘మెట్లన్ని తిరిగి సూసిన. పద్నాలుగు. ఏడోది ఇరిగింది.’

మెట్ల దగ్గర నేను వంకర గీత ఒక్కటే గీశాను. ఎన్ని మెట్లో, ఏది విరిగిందో రాయలేదు.

వానలో తడుస్తూ ఎస్‌టీడీ బూత్‌కు పరిగెత్తాను. విక్టోరియా ఫోన్లోకి వచ్చింది.

“మీతోని ఆడే మూడో పిల్లగాడెవరు బిడ్డా?”

“మూడో పిల్లగాడా? మేమిద్దరమే డాడీ. ‘రా బాబూ’ అని నువ్వు రాసింది జోసఫ్‌కే అనుకున్నం.” అటు నవ్వు వినిపించింది. “అది సరే గాని, మొన్న ఉత్తరం పెన్సిల్‌తో ఎందుకు రాసినవ్? జోసఫ్‌గాని రాతే నయం.”

నా దగ్గర పెన్సిల్ లేదు.

“ఏం... ఏం రాసిన నేను?”

“మర్చిపోయినవా? కోట అయిపోయింది, ఇగ మీ హాస్టల్ గీసి పంపున్రి అన్నవ్ గద. జోసఫ్ మస్తుగ గీసిండు. మేం పండుకునే గది ఒక్కటి ఖాళీగ వదిలిండు. నువ్వు చెప్పినట్టే.”

“పంపిన్రా?”

“పోయిన సోమవారమే పంపినం. ఇంకా రాలేదా?”

ఇద్దరూ ఇవాళ వార్డెనమ్మ గదిలో పడుకోండని చెబుతుండగానే లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. ఉప్పల్ పోయి పిల్లల దగ్గరికి బస్సు పట్టుకోవాలి. డబ్బులు గదిలో ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. సత్తమ్మ గడపలో దీపం పెట్టుకొని కూర్చుంది.

“గట్ల ఉరుకుతున్నవేంది బిడ్డా, దయ్యం పట్టినట్టు?”

“అమ్మా, నాకేమన్న ఉత్తరమొచ్చిందా?”

“నిన్ననే వచ్చె. తలుపు కింద తోసిన.”

“నా తలుపు కిందనా?”

“ఎదురు గది కింద. నువ్వే గద లోపల్నుంచి ‘ఇటు తొయ్యి’ అన్నవ్? ఆ గది గూడ తీసుకున్నవనుకున్న.”

మెట్లెక్కాను. ఒకటి... రెండు... ఏడోదాన్ని దాటి కాలు వేశాను. పైన తడి గోడ వాసన. దానితో పాటు ఇంకో వాసన... అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టుది.

తాళం అలాగే ఉంది. తుప్పు మీద సాలెగూడు కూడా చెదరలేదు.

నేల మీద పడుకొని తలుపు సందులోకి వేళ్ళు పెట్టాను. కాగితం అంచు తగిలింది. పట్టుకున్నాను. లాగాను.

అటునుంచి కూడా లాగారు. మెల్లగా. చిన్నపిల్లల చేతిలోంచి తీసుకున్నట్టు...

కాగితం నా వేళ్ళలోంచి జారిపోయింది.

“వద్దు,” అన్నాను గుసగుసగా. “వాళ్ళు పిల్లలు. ఆట అయిపోయింది.”

లోపల పాచిక దొర్లిన చప్పుడు. గచ్చు మీద గలగలమని దొర్లి... ఆగింది.

తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తలుపు కింద సన్నటి వెలుగు గీత కనిపించింది. ఆరు పడిందో లేదో చూడటానికి ఎవరో కిందికి వంగినట్టు, ఆ గీత మధ్యలో నల్లబడింది.