టైము అడిగే షెడ్డు

నాతవరం రోడ్డులో, కాలవ పక్కన రేకుల బస్సు షెడ్డు ఒకటి ఉండేది. పగలు జనం కూర్చునేవారు గానీ, పొద్దు కుంకితే ఊరివాడెవడూ ఆ ఛాయలకి పోయేవాడు కాదు. ఆఖరి బస్సు తప్పిపోయిన ముసలాయనెవరో అందులోనే చూసి చూసి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పట్నుంచీ దారిన పోయేవాళ్ళని టైము అడుగుతాడట. చెప్పారా, సరే. చెప్పలేకపోయారా... వాళ్ళ టైమూ అయిపోయినట్టే!

నర్సీపట్నం తాలూకా ఆఫీసు గుమాస్తా సూర్యనారాయణమూర్తికి ఇవేం పట్టవు. ఎనభై రెండులో, ఓడలో పనిచేసే బావమరిది చినబాబు అతనికి రెండు వస్తువులు తెచ్చిచ్చాడు — ముళ్ళు లేకుండా అంకెలు చూపించే వాచీ, ఓ నల్ల కళ్ళజోడు. ఇక చూస్కోండి, మనవాడి కాళ్ళు నేల మీద నిలిస్తేనా! ఎవరూ అడక్కపోయినా టైము చెప్పేవాడు.

ఆ సాయంత్రం సైకిలెక్కి ఒక్కడే నాతవరంలో అత్తారింటికి బయల్దేరాడు. ఎదురెండ మొహాన కొడుతుంటే కళ్ళజోడు పెట్టాడు. ఆహా! కాలవ నీళ్ళ మీద తళతళ పోయి, అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మురిసిపోతూ తొక్కుతున్నాడు.

షెడ్డు దగ్గర ఉన్నట్టుండి సైకిలు బరువెక్కింది. టైర్లో గాలి పోయిందేమోనని కాలు కింద పెట్టాడు...

"టైమెంతయింది బాబూ?"

సన్నటి గొంతు... చెవి పక్కనే!

వెనక్కి తిరిగితే ఒట్టు. అయినా భయమెందుకు, చేతికి వాచీ ఉందిగా! ఠీవిగా మణికట్టు తిప్పి చూశాడు.

అంకెల్లేవు. వాచీ అద్దమంతా నల్లగా... కాటుక పూసినట్టు.

"సెప్పు బాబూ... బేగి సెప్పు."

మూర్తి వాచీని చొక్కాకేసి రుద్దాడు. ఊహూఁ! ఒక్క అంకె లేదు. పెళ్ళాం పిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"టైము లేదు! నాకు టైము లేదురా దేవుడోయ్!" అని కేకలు పెడుతూ ఒకటే తొక్కుడు. నాతవరం బస్టాండు దాటాక గానీ సైకిలు తేలికపడలేదు.

అత్తారి అరుగు మీద కూలబడి సంగతి చెబితే, చినబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అది కళ్ళజోడు చేసిన అల్లరి బావా! ఆ అద్దం ఒక వాటంగా వచ్చే వెలుతుర్నే లోపలికి రానిస్తుంది. అందుకే నీళ్ళ తళుకు కనబడదు. వాచీ మీదా అలాంటి పొరే ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డం తిరిగాయో, అంతా నలుపే. ఏదీ, జోడు పెట్టుకునే చెయ్యి తిప్పు!"

తిప్పాడు. అంకెలొచ్చాయి. ఇంకాస్త తిప్పాడు. పోయాయి. మూర్తికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మరి అడిగిందెవరోయ్?"

"బస్సు కోసం కూర్చున్నవాళ్ళెవరో అడిగుంటారు."

నిజమే మరి! తన పిరికితనానికి తనే నవ్వుకున్నాడు.

తర్వాత సంతరోజున, నర్సీపట్నంలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులమ్మే సింహాద్రమ్మ ఆ నల్ల కళ్ళజోడు చూసి గుర్తుపట్టింది.

"మొన్న షెడ్డుకాడ టైము నేదని కేకలేసుకుని పోయింది నువ్వే కదా బాబూ? నాను లోపలే కూకున్నాను."

"ఓసి నువ్వా అవ్వా టైము అడిగింది! హడలగొట్టి చంపావు కదే!"

"నాకెందుకు బాబూ టైము? బస్సొచ్చినప్పుడు ఎక్కుతాను." కట్ట కట్టడం ఆపి, మూర్తి సైకిలు వెనక కారియర్ కేసి చూసింది.

"ఆ రోజు నీ ఎనకాల, ఇక్కడ కూకున్నాడు గదేటి, ముసిలాయన... ఆయనడిగాడు."